డిసెంబర్‌లో నాలుగు పేపర్లూ ఒకేసారి రాయొద్దు

(పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన పాఠకుల ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నది విశాఖలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి, ఆదివారాలు దూరవిద్య క్లాసులు కూడా తీసుకుని రిటైరైన లెక్చరర్.)

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కూర్మన్నపాలెం. 1999లో తెలుగు మీడియంలో ఇంటర్ పాసయ్యాను. ఆ వెంటనే పెళ్లి చేసేశారు. ఇప్పుడు నాకు 43 ఏళ్లు. ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్లో చేస్తున్నాను. నా తర్వాత చేరిన పిల్లలు డిగ్రీ ఉందని ఇన్‌చార్జిలైపోయారు. అందుకే దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో ఇంగ్లీష్ మీడియం బీఏ కట్టాను. డిసెంబర్‌లో నాలుగు పేపర్లున్నాయి. మూడు ఆరేసి క్రెడిట్లవి, ఒకటి నాలుగు క్రెడిట్లది. మా ఆయనది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. నాకు రోజూ గంటన్నర, ఆదివారం ఓ ఆరు గంటలు దొరుకుతాయి. చదివింది చదివినట్టే మర్చిపోతున్నాను. ఇంటర్ చదివే మా చిన్నోడు "ఏటమ్మా, నాకన్నా నీకే టెన్షన్ ఎక్కువైపోయింది" అని నవ్వుతున్నాడు. ఈ వయసులో ఇక బుర్రకెక్కదంటారా?

జవాబు: బుర్ర సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం చెల్లెమ్మా. రోజంతా బిల్లులు వేసే మీకు లెక్కలు కొత్త కాదు.

ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదవడం, ఆదివారం క్లాసుకి వెళ్లడం, అసైన్‌మెంట్ రాయడం అన్నీ అందులోకే వస్తాయి. మీ నాలుగు పేపర్లూ కలిపితే 22 క్రెడిట్లు, అంటే 660 గంటలు. మీకు దొరికేది ఆరు రోజులకు తొమ్మిది, ఆదివారం ఆరు, వెరసి వారానికి 15 గంటలు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి డిసెంబర్ పరీక్షలకు 20 వారాలుంటాయనుకుందాం. ఇరవై పదిహేన్లు మూడొందలు. ఆ మూడొందల గంటలు సరిగ్గా పది క్రెడిట్లకు సరిపోతాయి. కాబట్టి ఆరు క్రెడిట్ల పేపర్ ఒకటి, నాలుగు క్రెడిట్లది ఒకటి డిసెంబర్‌లో రాయండి. మిగతా రెండూ జూన్‌కి ఉంచుకోండి.

ఏడాది వృథా అయిపోతుందని గాభరా పడకండి. మూడేళ్ల డిగ్రీ పూర్తి చేయడానికి ఆరేళ్ల వరకు గడువుంది. పరీక్ష ఫారం నింపేటప్పుడు ఈసారి ఏ పేపర్లు రాయాలో ఎంచుకునేది మనమే. నా ఆదివారం క్లాసుల్లో చదువు మధ్యలో మానేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో తెలివి తక్కువై మానేసినవాళ్లు దాదాపు లేరు. అన్నీ ఒకేసారి కట్టేసి, ఏదీ పూర్తిగా చదవక, అన్నీ తప్పి, పరువు పోయిందని ఇంట్లో కూర్చున్నవాళ్లే ఎక్కువ. 30 గంటలకంటే తక్కువ చదివి పాసయ్యేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లు నిన్నో మొన్నో కాలేజీ వదిలినవాళ్లు. పాతికేళ్లు దాటిన మీ గ్యాప్‌కి ఆ షార్ట్‌కట్ పనిచేయదు.

ఇక మర్చిపోవడం. మీరు "చదివింది చదివినట్టే" అన్నారు చూడండి, తిప్పలంతా అక్కడే ఉంది. మీరు చదువుతున్నారు, మళ్లీ చదువుతున్నారు, పచ్చ మార్కర్‌తో గీతలు గీస్తున్నారు. పుస్తకం మూసి మిమ్మల్ని మీరు ప్రశ్న వేసుకోవడం లేదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరి చేత మళ్లీ మళ్లీ చదివించారు. మరికొందరి చేత ఒకసారి చదివించి, తర్వాత చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం చూడకుండా రాసినవాళ్లే ముందున్నారు. గమనించండి, వాళ్లంతా కుర్రాళ్లే. చదివి వదిలేస్తే మర్చిపోవడం ఇరవయ్యేళ్ల వాళ్లకీ ఉన్నదే. మీకు కొత్తగా వచ్చిన జబ్బేం కాదు.

ఇగ్నో పుస్తకాల్లో దీనికి ఏర్పాటు ముందే ఉంది. ప్రతి యూనిట్ మధ్యలో "చెక్ యువర్ ప్రోగ్రెస్" అని చిన్న ప్రశ్నలుంటాయి, వాటి జవాబులు యూనిట్ చివర్లో ఉంటాయి. చాలామంది వాటిని దాటేసి ముందుకు వెళ్లిపోతారు. మీరు అక్కడే ఆగండి. నవ్వుతున్నాడన్నారే మీ చిన్నోడు, వాడి చేతికి పుస్తకం ఇచ్చి ప్రశ్నలు అడగమనండి. అమ్మకి పరీక్ష పెట్టే అవకాశం ఏ కొడుకూ వదులుకోడు. ఈరోజు చదివిన యూనిట్‌ని మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి అడిగించుకోండి. పుస్తకం పోస్టులో రావడం ఆలస్యమైతే ఆగక్కర్లేదు, ఇగ్నో వాళ్ల ఈ-జ్ఞానకోశ్ సైట్‌లో అవే పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది చెయ్యి. చివరిసారి మీరు మూడు గంటలు ఆగకుండా పెన్నుతో రాసింది ఎప్పుడు? ఇంటర్ పరీక్షల్లోనే అయ్యుంటుంది. ఆసుపత్రిలో కీబోర్డు, ఇంట్లో ఫోను. వంద మార్కుల పేపర్‌కి 180 నిమిషాలిస్తే, పేపర్ చదువుకోవడానికీ చివర్లో సరిచూసుకోవడానికీ 15 నిమిషాలు పోను మిగిలేది 165. అంటే 20 మార్కుల ప్రశ్నకి 33 నిమిషాలు. జవాబు నోటికొచ్చినా గంట దాటేసరికి వేళ్లు కొంకర్లు పోయి, చివరి ప్రశ్న రెండు పేరాలకే ఆగిపోతుంది. పెద్దవాళ్ల జవాబు పత్రాల్లో ఇది మామూలే. మొదటి రెండు జవాబులు ముత్యాల్లా ఉంటాయి, చివరిది వాళ్లకే అర్థం కాదు. వంట వీడియోలు ఎన్ని చూసినా గరిటె పట్టందే చెయ్యి తిరగదు కదా, ఇదీ అంతే. ఈ వారం రోజుకి ఇరవై నిమిషాలు రాయండి. దసరా నాటికి గంట, దీపావళి దాటాక నెలకి రెండు ఆదివారాలు పాత ప్రశ్నపత్రం పెట్టుకుని పూర్తిగా మూడు గంటలు. ఫోను పక్క గదిలో పెట్టి, గోడ గడియారం చూసుకుంటూ రాయండి. పాత పేపర్లు ఇగ్నో వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.

మీది చత్వారం వచ్చే వయసు కూడా. ఒకసారి కళ్లు చూపించుకోండి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద అరగంటకే తలనొప్పి వస్తుంటే తప్పు పాఠానిది కాకపోవచ్చు.

ఇంగ్లీష్ మీడియం సంగతికొస్తే, జవాబుని ముందు తెలుగులో బయటికి చెప్పండి. మీ ఆయనకో, పక్కింటావిడకో, ఎవరూ లేకపోతే గోడకో. తెలుగులో రెండు నిమిషాలు తడబడకుండా చెప్పగలిగితే విషయం మీకు వచ్చినట్టే. తర్వాత దాన్ని చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లో రాయండి. గైడులోని బరువైన వాక్యం బట్టీపట్టి, సగంలో మర్చిపోయి, కర్త ఒకచోట క్రియ ఒకచోట పడేయడం కంటే ఏడు మాటల వాక్యం నయం. పేపర్ దిద్దేవారికి విషయం కావాలి. ఒక్కో పేపర్‌కి ఓ యాభై సాంకేతిక పదాలుంటాయి, వాటి స్పెల్లింగులు మాత్రం తప్పకుండా నేర్చుకోండి.

గోడ మీద సోమవారం, మంగళవారం అని టైమ్‌టేబుల్ అంటించకండి. షిఫ్టుల ఇంట్లో అది రెండో వారానికే చిరిగిపోతుంది. ఆయన షిఫ్టుని బట్టి మూడు టైమ్‌టేబుళ్లు వేసుకోండి. బి షిఫ్ట్ అయితే ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది కాబట్టి, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు మీదే. నైట్ షిఫ్టుకి వెళ్లాక ఇల్లు ఎలాగూ నిశ్శబ్దం. ఏ షిఫ్టుకి మీరు తెల్లవారుజామునే లేచి క్యారేజీ కట్టాలి, ఆ రోజుల్లో రాత్రి చదువు పెట్టుకోవద్దు. నిద్ర ఆపుకుంటూ చదివిన గంటన్నరకి నేను అరగంట విలువ కూడా ఇవ్వను. ఆదివారాలు ఇంట్లో చుట్టాలు తెగకపోతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లండి. గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ల మధ్య కూర్చుంటే ఫోను తీయడానికి మనకే సిగ్గేస్తుంది. బస్సులో పోయేటప్పుడు, వచ్చేటప్పుడు పుస్తకం తీయక్కర్లేదు. గాజువాక దాటి ఎన్ఏడీ వచ్చేలోపు నిన్నటి యూనిట్ మనసులో చెప్పుకుంటే చాలు.

అసైన్‌మెంట్ల మాట మీరు ఎత్తలేదు, నేను ఎత్తుతాను. మార్కుల్లో 30 శాతం వాటివే, 70 శాతం పరీక్షవి. అసైన్‌మెంట్‌లో 80, పరీక్షలో 50 వస్తే మొత్తం 24, 35 కలిపి 59. ఆ 24 ఇంట్లో కూర్చుని తెచ్చుకునేవి. అయితే రెండింట్లోనూ విడివిడిగా పాసవ్వాలి. రెడీమేడ్ పీడీఎఫ్ కొని చూసి రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తప్పు అనే మాట అలా ఉంచండి, అది పెద్ద నష్టం. పుస్తకం చదివి, మూసి, చేత్తో రాసే ఆ నాలుగైదు జవాబులే మీ పరీక్షకి అసలైన ప్రిపరేషన్. అందులోంచి వచ్చిన ప్రశ్నలే తిరగేసి పరీక్షలో అడగడం మామూలే. ఇచ్చేటప్పుడు జిరాక్స్ తీసి దాచుకోండి, రసీదు కూడా.

ప్రశ్న: పాలిటెక్నిక్ డిప్లొమా చేసి పరవాడ ఫార్మా సిటీలో పనిచేస్తున్నాను. వయసు 36. ఉద్యోగస్తుల కోసం పెట్టిన సాయంత్రం బీటెక్‌లో చేరాను. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే 12 వారాల ఎన్‌పీటెల్ కోర్సు పాసైతే 3 క్రెడిట్లు ఇస్తామని కాలేజీలో చెప్పారు. వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష రాశాను. అసైన్‌మెంట్లలో 25కి 24, పరీక్షలో 75కి 27. మొత్తం 51 వచ్చినా సర్టిఫికెట్ రాలేదు. ఇదేం న్యాయం సార్?

జవాబు: సార్ కాదు బాబూ, మేడమ్. న్యాయం సంగతంటారా, నిబంధన మొదటి రోజు నుంచీ కోర్సు పేజీలోనే ఉంది. అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి. రెండూ ఉండాలి. మీకు పరీక్షలో మూడు మార్కులు తగ్గాయి.

అసలు అనుమానం నాకు ఆ 24 మీద. పన్నెండు వారాల్లో బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి మంచి మార్కులు రావడం కష్టమేం కాదు. కానీ 24 తెచ్చుకున్న మనిషికి పరీక్షలో 27 వచ్చిందంటే, ఆదివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో తిరిగే జవాబుల్లో మీకూ వాటా ఉందనిపిస్తోంది. కాకపోతే మన్నించండి. అయితే మాత్రం ఈసారి గ్రూపులోంచి బయటికి రండి. ఎనిమిదింటికే లెక్క కాబట్టి షిఫ్టు వల్ల రెండు వారాలు పోయినా కొంప మునగదు. సొంతంగా చేసి 15 తెచ్చుకోండి, పరీక్షలో 45 వస్తుంది.

కోర్సు మళ్లీ పెట్టినప్పుడు చేరండి. వీడియోలన్నీ మొదటి నుంచి చూడక్కర్లేదు. పాత అసైన్‌మెంట్లు ఒక్కొక్కటీ కాగితం మీద, జవాబులు చూడకుండా చేయండి. ఎక్కడ తప్పిందో ఆ వారం పాఠం మాత్రం చూడండి. వీడియో కంటే పాఠం రాతప్రతి చదవడం త్వరగా అవుతుంది. కొన్ని కోర్సులకు తెలుగులో కూడా పెట్టారు. పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి కాబట్టి, తేదీ చూసి ఇప్పుడే మీ సూపర్‌వైజర్‌కి సెలవు చెప్పేయండి.

ఇంకో మాట. సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన క్రెడిట్ వచ్చినట్టు కాదు. ఆ కోర్సుని మీ కాలేజీ మీ సిలబస్‌లో ఏ సబ్జెక్టుకి బదులు తీసుకుంటుందో, లేక అదనంగా చూపిస్తుందో, చేరకముందే రాతపూర్వకంగా అడగండి. నోటి మాట మీద మాత్రం చేరొద్దు. క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా 2021 నుంచి ఉంది. మీది తెరిచి, పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు పోర్టులో చేసి రిటైరయ్యారు. 62 ఏళ్లకి సరదాపడి దూరవిద్యలో ఎంఏ చరిత్ర కట్టారు. చదువు బ్రహ్మాండంగా ఉంది కానీ చెయ్యి వణుకుతుంది, పేజీ రాయడానికి అరగంట పడుతోంది. ఆయన చెబుతుంటే నేను రాయొచ్చా? నేను ఎంటెక్ చేశాను. – సీతమ్మధార నుంచి ఒక కూతురు

జవాబు: లేఖకుడి సాయం తీసుకోవచ్చమ్మా, కానీ మీరు కుదరదు. సొంతంగా తెచ్చుకునే లేఖకుడి చదువు పరీక్ష రాసేవారి కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. మీ ఎంటెక్ ఇక్కడ అడ్డం. డిగ్రీ చదివే పిల్లనో పిల్లాడినో చూడండి.

40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఆ మార్గదర్శకాలు వచ్చాయి. గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం కూడా వాటిలోనే ఇచ్చారు, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. అంత శాతం లేకపోయినా రాయడం నిజంగా కష్టమైనవాళ్ల మాటేమిటి? రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే వికాస్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థి దీని మీదే సుప్రీంకోర్టుకి వెళ్లారు. శాతం తక్కువన్న ఒక్క కారణంతో లేఖకుణ్ని నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. దాని తర్వాత 2022లో అలాంటివారి కోసం విడిగా మార్గదర్శకాలు వెలువడ్డాయి. కాబట్టి ముందు నాన్నగారిని న్యూరాలజీలో చూపించండి. వణుకుకి మందులున్నాయి, వాటితోనే సర్దుకోవచ్చు కూడా. సర్దుకోకపోతే ప్రభుత్వ వైద్యాధికారుల ధ్రువపత్రం తీసుకుని, ఈ ఏడాది ఏ ఫారం నింపాలో యూనివర్సిటీ కేంద్రంలో అడగండి. హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు, ఇప్పుడే వెళ్లండి. ఇగ్నో అయితే ప్రాంతీయ కేంద్రం ఎంవీపీ కాలనీలోనే ఉంది, మీకు దగ్గరే.

లేఖకుడు దొరికాక అసలు ప్రాక్టీస్ మొదలవుతుంది. చెప్పి రాయించడం మనమే రాయడం లాంటిది కాదు. మధ్యలో "ఆ పై పేరాలో ఏం చెప్పాను?" అని నాన్నగారు అడుగుతూనే ఉంటారు. ఇద్దర్నీ కూర్చోబెట్టి పాత పేపర్లు రెండు మూడు చేయించండి. రాజుల పేర్లు, ఊళ్ల పేర్లు ఇంగ్లీష్‌లో అయితే అక్షరం అక్షరం పలికి చెప్పడం అలవాటు కావాలి.

ప్రశ్న: మేడమ్, ప్రతి ఏడూ మార్గశిర గురువారాలు నాలుగూ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్తాను. కిందటి డిసెంబర్‌లో పరీక్ష గురువారమే పడితే గుడికి వెళ్లి, పరీక్ష మానేశాను. ఈసారీ అలాగే పడితే?

జవాబు: ఈసారి రెండూ కానివ్వండి. మార్గశిర గురువారం దర్శనాలు బుధవారం అర్ధరాత్రి నుంచే మొదలవుతాయని నాకంటే మీకే బాగా తెలుసు. అక్కడ పూజ మన చేత్తో మనమే చేసుకుంటాం, మధ్యలో తొందరపెట్టే పూజారి లేడు, లైను మాత్రం పొడుగు. పరీక్ష ఉదయం పది నుంచి ఒంటిగంట వరకైతే గుడికి మధ్యాహ్నం వెళ్లండి. రెండు నుంచి ఐదు వరకైతే సాయంత్రం పూట వెళ్లండి. అర్ధరాత్రి లైనులో నిలబడి, నిద్ర లేకుండా పరీక్ష రాయడం మాత్రం వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు తెల్లవారుజామునే వెళ్లాలని పట్టుబడితే, మీ తరఫున అత్తగారినో ఆడపడుచునో పంపించి, మీరు మిగతా మూడు గురువారాలు వెళ్లండి. తేదీల షీటు రాగానే క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి. ఆ పేపర్ గురువారం పడితే ముందే ఇంట్లో చెప్పేయండి, ఆ పొద్దున్న గొడవ ఉండదు. ఒకవేళ గుడి నుంచి తిన్నగా సెంటర్‌కే వెళ్లాల్సి వస్తే, హాల్ టికెట్, ఐడీ కార్డు రాత్రే హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. కొబ్బరిచెక్కల సంచి హాల్లోకి రానివ్వరు, దాన్ని పట్టుకెళ్లడానికి ఇంకో మనిషిని వెంట తీసుకెళ్లండి.